ఆఖరి హిసాబు

షార్జా, పదో నంబర్ ఇండస్ట్రియల్ ఏరియా.
ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్క చుక్కగా పడే గది నా ఆఫీసు.
కంపెనీ విడిచి పోయేవాళ్లందరూ
నా బల్ల ముందు నుంచే పోతారు.
హెల్మెట్, గేట్‌పాసు, క్యాంపు బీరువా తాళం
అప్పజెప్పి
ఉన్నన్నేళ్లనూ ఒక్క కాగితం మీద చూసుకుంటారు.

బొడ్డుపల్లి ఓదేలు, క్రేన్ ఆపరేటరు, పదకొండేళ్లు.
మొదటి ఐదేళ్లకు ఏడాదికి ఇరవయ్యొక్క రోజులు,
తర్వాతి ఆరేళ్లకు ముప్పై.
రోజుకు ఎనభై.
ఇరవై రెండు వేల ఎనిమిది వందల దిర్హాములు.
రెండుసార్లు కొట్టి చూశాను, లెక్క కుదిరింది.

మధ్యాహ్నం మా మందూబ్ ఒక ఉత్తరం తెచ్చాడు.
అరబ్బీలో నాలుగు పంక్తులు, కింద నీలం ముద్ర.
పాప పేరు వెన్నెల అని పలకలేక
'ఫెనిలా' అన్నాడు.
నెలకు తొమ్మిది వందలు, ఇరవై మూడు నెలల బాకీ.
ఆపండి, మాకు పంపండి.
అంతే దాని సారం.

ఇక్కడ జీతం మీద పన్ను లేదు.
పన్నే లేని చోట తిరిగొచ్చే పన్నూ ఉండదు,
దారి కాచి పట్టుకోవడానికి.
తండ్రి దొరకాలంటే
పోయే రోజునే దొరకాలి.
కోర్టుకు ఆ సంగతి తెలుసు,
నా బల్ల ఎక్కడుందో కూడా.

ఓదేలు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.
కాగితం తిప్పి చూశాడు,
వెనక ఏమైనా మిగిలిందేమోనని.
"రెండు వేల నూరేనా మేడం?
ముప్పై అంతస్తుల మీద, ఒంటేలుకు దిగ తీరక
సీసల పోసుకున్న పైసలు గవి."
అబద్ధం కాదు.
లీవర్లు లాగీ లాగీ
అతని కుడి భుజం ఒక వేలెడు కిందికి జారింది.
నేనేమీ అనలేదు. పెన్ను మూత తీసి ఇచ్చాను.

సంతకం సగంలో ఆపి అడిగాడు:
"బిడ్డకు చేరేటప్పుడు దాని మీద నా పేరుంటదా?
నాయిన ఇచ్చిండని?"
ఫారం వెతికాను.
చెల్లించినవారు: కంపెనీ.
అందుకున్నవారు: కోర్టు.
ఇంకో గడి లేదు.
"ఉండదు" అన్నాను.
మిగతా సగం సంతకం ఇంకెవరిదో అన్నట్టు పడింది.

జాలి పడాల్సిందే. పడ్డాను కూడా, రెండు నిమిషాలు.
తర్వాత పెద్దపల్లిలో మా అమ్మ గుర్తొచ్చింది.
నెలకు మూడు వందల మనోవర్తి ఆర్డరును
పాల కవర్లో చుట్టి, చంకలో పెట్టుకొని
వాయిదా వాయిదాకూ నడిచేది.
"ఇంట్ల దొరుకతలేడమ్మా" అనేవాడు కానిస్టేబులు,
మా నాయన పోయించిన చాయ తాగుతూనే.
ఆ ఆర్డరు ఇప్పటికీ ఉంది, ముద్రతో సహా.
మధ్యలో పట్టుకునే చెయ్యే లేకపోయింది.

ట్రాన్స్‌ఫర్ బటన్ కొంచెం గట్టిగానే నొక్కాను.
ఎవరి బాకీ వసూలు చేస్తున్నానో
నాకే సరిగా తెలియలేదు.

నాలుగు రోజులకు ఫోను.
వెనక పిల్లల గోల, బస్సు తలుపు చప్పుడు.
భూలక్ష్మి. స్కూలు బస్సులో ఆయా,
పొద్దున్నే పరాయి పిల్లలకు బెల్టులు పెట్టే పని.
థ్యాంక్స్ చెబుతుందనుకున్నాను.
"పైసలచ్చినయి మేడం. మొత్తం అచ్చినయి.
గని ఒక్క మాట.
ఈ ఇరవై మూడు నెలలల్ల
పిల్ల బూట్ల సైజు మూడుసార్లు మారింది.
నడిమి జత కొనలే.
వేళ్లు ముడుసుకొని నడిసింది.
అది మీ హిసాబుల ఏడ రాసిన్రు?"

కాగితం మళ్లీ తెరిచాను.
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను.
బకెట్ నిండి పొర్లుతోంది.
లేచి, పారబోసి వచ్చాను.

ఆమె ఇంకా లైన్లోనే ఉంది.